మీట నొక్కే హక్కు ఎవరిది?

హైదరాబాద్: వణికే చేతులను అదుపులోకి తెచ్చే పరికరం మనిషి మనసునే మార్చివేస్తే, దానిని కొనసాగించాలో ఆపివేయాలో నిర్ణయించవలసింది ఎవరు? పార్కిన్సన్స్ రోగులకు మెదడులో అమర్చే విద్యుత్ ప్రేరక పరికరాల విషయంలో ఎదురవుతున్న ప్రశ్న ఇది.

ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో 1987లో డాక్టర్ బెనబిడ్ బృందం నాంది పలికిన ఈ ఆధునిక చికిత్స నేడు నగరంలోని నిమ్స్‌లోనూ అందుతోంది. మెదడు లోతుల్లో సన్నని తీగలు అమర్చి, ఛాతీ పైభాగాన చర్మం కింద ఉంచిన బ్యాటరీ పరికరం ద్వారా స్వల్ప విద్యుత్తును పంపుతారు. వ్యాధి నయం కాకున్నా వణుకు, బిగుసుకుపోవడం తగ్గుతాయి. విద్యుత్ మోతాదును బయటి నుంచే మార్చవచ్చు. అయితే కొందరిలో మితిమీరిన ఉత్సాహం, దుబారా వంటి మార్పులు తలెత్తుతాయి.

ఒకే మనిషి... రెండు స్థితులు

నెదర్లాండ్స్ వైద్యులు 2004లో ప్రచురించిన ఉదంతం ఇందుకు నిదర్శనం. పరికరం పనిచేస్తున్నంతసేపు 62 ఏళ్ల రోగి చక్కగా నడిచేవాడు. కానీ ఉన్మాదస్థితిలో విచక్షణ కోల్పోయి అప్పులపాలయ్యాడు. మందులు, మోతాదు మార్పులు ఫలించలేదు. పరికరం ఆపితే వివేకం తిరిగి వచ్చేది, శరీరం మంచానికే పరిమితమయ్యేది. చివరకు వైద్యులు దానిని ఆపి, వివేకంతో ఉన్న స్థితిలోనే అతని అభిప్రాయం కోరారు. పరికరాన్ని కొనసాగిస్తూ మానసిక చికిత్సాలయంలో ఉండేందుకే అతడు మొగ్గు చూపాడు.

ఆ ఎంపిక సరైనదా కాదా అన్నది వేరే చర్చ. నిర్ణయం మాత్రం అతనిదే కావడం ఇక్కడ కీలకం.

సంతకంతో సరిపోదు

మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మానసిక అనారోగ్యం కలిగితే ఎటువంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగానే రాసి ఉంచే హక్కును కల్పించింది. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకునే వీలూ ఉంది. ఈ స్ఫూర్తి నాడీ శస్త్రచికిత్సలకూ అవసరమే. మన ఆసుపత్రుల్లో తరచుగా రోగి కన్నా ముందు కుటుంబసభ్యులే మాట్లాడతారు. ప్రవర్తన మారితే మోతాదు తగ్గించాలా, నడక పోయినా పరికరాన్ని ఆపాలా, అప్పుడు ఎవరి మాట చెల్లాలి అన్నవి శస్త్రచికిత్సకు ముందే రోగిని అడిగి నమోదు చేయాలి. మీట వైద్యుని చేతిలో ఉండవచ్చు. దానిని ఎప్పుడు నొక్కాలో చెప్పే మాట మాత్రం రోగిదే కావాలి.