కొవ్వాడ మీద సినిమా తీస్తే ఏం తీయాలి?

చోడవరం చుట్టుపక్కల ఏ సమావేశంలోనైనా కొవ్వాడ మాట ఎత్తితే మొదట వినిపించే ప్రశ్న ఒకటే: "అది శ్రీకాకుళం జిల్లా కదేటి, మనకేటి సంబంధం?" చెరకు డబ్బులు ఎప్పుడు పడతాయో తెలియదు, బెల్లం రేటు నిలకడగా ఉండదు, రైవాడ నీళ్లు పొలాలకెంత, పట్నానికెంత అన్న పేచీ తెగదు. వీటి మధ్య అణువిద్యుత్తు ఎక్కడిదో పరాయి గొడవలా కనిపించడం సహజమే. ఇలాంటి విషయాన్ని కరపత్రం జనానికి దగ్గర చేయలేదు, గంట ఉపన్యాసం అసలే చేయలేదు. పదీ పదిహేను నిమిషాల డాక్యుమెంటరీ చేయగలదు. అందుకే ఈ ఎండాకాలం ఊరూరా అణువిద్యుత్తు మీద చిన్న సినిమాలు వేద్దామన్న ప్రతిపాదనను మేము బలపరుస్తున్నాం. అయితే ఏవి వేయాలి, మనమే తీస్తే ఏం తీయాలి అన్న దగ్గర మాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. మిత్రులలో కొందరికి అది నచ్చకపోవచ్చు. చర్చ జరగాలనే రాస్తున్నాం.

ముందు కొవ్వాడ సంగతి. రణస్థలం మండలంలోని ఈ తీరాన్ని కేంద్రం 2009లో అణువిద్యుత్ కేంద్రానికి స్థలంగా ఎంచింది. మొదట జీఈ-హిటాచీ రియాక్టర్లు వస్తాయన్నారు. అవి రాలేదు. గుజరాత్‌లో మిఠీవిర్ది రైతులు ససేమిరా అనడంతో, అక్కడ పెట్టాల్సిన వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లను 2016లో ఇటు మళ్లించారు. ఒక్కొక్కటి 1208 మెగావాట్లు, అలాంటివి ఆరు. మరుసటి ఏడాది మార్చిలో ఆ వెస్టింగ్‌హౌసే అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. తర్వాత కంపెనీ చేతులు మారింది కానీ కొవ్వాడ ప్రతిపాదన మాత్రం కదల్లేదు. రెండు వేల ఎకరాలకు పైగా భూమి, రైతులూ మత్స్యకారులూ కలిసి ఉన్న పల్లెలు, పదిహేనేళ్లు దాటిన ఎదురుచూపు. ఉండే ఊరో పోయే ఊరో తేలకపోతే ఇంటి కప్పు మార్చడానికి కూడా చెయ్యాడదు.

ఇక మనకేటి సంబంధం అంటే, అణుశక్తి మన గుమ్మం దాకా వచ్చి చాలా కాలమైంది. అచ్యుతాపురం దగ్గర బార్క్ క్యాంపస్‌కు వేల ఎకరాలు తీసుకున్నారు. రాంబిల్లిలో నౌకాదళ స్థావరం కడుతున్నారు. దేశంలో తయారైన మొదటి అణు జలాంతర్గామి అరిహంత్‌ను 2009 జులైలో నీళ్లలోకి దించింది విశాఖలోనే. జిల్లా పేరు విశాఖ నుంచి అనకాపల్లికి మారింది గానీ ఊళ్లు అవే, చుట్టరికాలు అవే. అక్కడ భూమి పోయిన వాళ్లలో మన వియ్యాలవారి ఇళ్లు కూడా ఉన్నాయి.

ఇప్పుడు సినిమాల సంగతి. ఈ విషయం మీద మొదట సినిమా పట్టుకుని పల్లెల్లోకి వెళ్లేది మనమేనని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ప్రభుత్వ సంస్థ అయిన అణువిద్యుత్ కార్పొరేషన్ ఎప్పుడో బుధియా అనే పల్లెటూరి పాత్రను పెట్టి కార్టూన్ సినిమా తీయించుకుంది. అందులో అమాయకపు గ్రామస్తుడి అనుమానాలన్నీ తీరిపోతాయి, అందరూ సంతోషిస్తారు. మన పల్లెవాళ్లు అంత తొందరగా నమ్మేవాళ్లయితే ఎరువుల కొట్టువాళ్లకు ఎంత సుఖంగా ఉండేదో!

మరోవైపు, సొంత డబ్బుతో, చందాలతో తీసిన సినిమాలు ఉన్నాయి. 1974లో పోఖ్రాన్‌లో జరిపిన మొదటి అణు పరీక్షకు పెట్టిన రహస్య నామం 'నవ్వే బుద్ధుడు'. దానికి జవాబుగా రాంచీకి చెందిన శ్రీప్రకాశ్ 1999లో 'జాదుగోడలో బుద్ధుడు ఏడుస్తున్నాడు' అన్న అర్థం వచ్చే పేరుతో సినిమా తీశాడు. జార్ఖండ్‌లోని జాదుగోడలో 1960ల చివరి నుంచి యురేనియం తవ్వుతున్నారు. ఖనిజం తీసుకోగా మిగిలిన బురదను నిలవ చేసే చెరువుల పక్కనే సంతాలులు, హోలు బతుకుతున్నారు. ఆ పల్లెలను బయటి లోకానికి చూపింది ఆ సినిమాయే. ఆనంద్ పట్వర్ధన్ 'వార్ అండ్ పీస్' 2002లో వచ్చింది. సెన్సారు బోర్డు 21 కత్తిరింపులు అడిగితే ఆయన ఒక్కటీ ఒప్పుకోక బొంబాయి హైకోర్టు దాకా వెళ్లి, 2003లో ఒక్క కత్తిరింపూ లేకుండా విడుదల చేసుకున్నాడు. మదురైకి చెందిన ఆర్.పి. అముదన్ 'రేడియేషన్ స్టోరీస్' పేరుతో తమిళ తీరం మీద వరుసగా మూడు భాగాలు తీశాడు. చివరిది కూడంకుళం పోరాటం గురించి. రియో డి జనీరోలో 2011 నుంచి ఏకంగా యురేనియం సినిమాల పండుగే జరుగుతోంది. అంటే సినిమాలకు కొరత లేదు. తెలుగులో, మన ఉత్తరాంధ్ర మాటలో చెప్పేవే దొరకడం కష్టం.

మా అభిప్రాయం చెప్పాల్సింది ఇక్కడే. రేడియేషన్ కెమెరాకు దొరకదు. దానికి రంగు లేదు, వాసన లేదు, పొగ రాదు. థర్మల్ కేంద్రం మీద సినిమా తీసేవాడికి బూడిద ఉంటుంది, నల్లబడిన ఆకు ఉంటుంది. అణుశక్తి మీద తీసేవాడికి అలాంటిదేమీ దొరకదు కాబట్టి చాలామంది ఒకే దారి పడతారు. రోగంతో ఉన్న బిడ్డను, వంకర తిరిగిన కాళ్లను దగ్గరగా చూపించి వెనక విషాద సంగీతం పెడతారు. చూసినవాళ్ల కళ్లు తడుస్తాయి. ఇంటికి వెళ్లి పడుకుంటారు. పొద్దున్నే లేచి ఎవరిని ఏమడగాలో మాత్రం వాళ్లకు తెలియదు.

జాదుగోడ సినిమా మీద మాకు గౌరవం ఉంది. ఎవరూ పట్టించుకోని రోజుల్లో ఆ ముఖాలను చూపించడమే ఒక పోరాటం. కానీ పాతికేళ్ల తర్వాత మనం అదే మళ్లీ తీయనక్కర్లేదు. ఒక ఊరిని రోగాల ఊరుగా చూపిస్తే ఆ ఊరి ఆడపిల్లకు సంబంధం రాదు. ఆ నష్టపరిహారం ఏ చట్టంలోనూ లేదు.

రైతు సంఘం వాళ్లం కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు పాడై అరటి తోటలు దెబ్బతింటున్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. యురేనియం కార్పొరేషన్ కాదంటోంది. ఇప్పుడు ఎవరైనా ఉత్సాహంగా అక్కడికి వెళ్లి "విషపు అరటి" అని సినిమా తీశారనుకోండి. గని మూతపడుతుందో లేదో గానీ, అరటి గెల రేటు మాత్రం మర్నాడే పడిపోతుంది. దెబ్బ తినేది ఫిర్యాదు చేసిన రైతే. ఇది మనకు కొత్త కాదు. బెల్లంలో హైడ్రోస్ అని ఒక మాట లేచిందంటే అది కలిపినవాడి దిమ్మకూ కలపనివాడి దిమ్మకూ ఒకే రేటు కడతారు అనకాపల్లి మార్కెట్‌లో. అందుకే అలాంటి చోట సినిమా తీసేవాడు పంట మీద కాదు, కాగితం మీద కెమెరా పెట్టాలి. చెరువు అడుగున ఏ పొరలు వేయాలని అనుమతిలో రాశారు, ఏవి వేశారు, బోరు ఎక్కడ ఉంది, చెరువుకు ఎన్ని అడుగుల దూరం, నీటి పరీక్ష ఎవరు చేశారు, ఫలితం రైతు చేతికి ఇచ్చారా. ఇవన్నీ కెమెరాకు చక్కగా దొరుకుతాయి. వీటికి జవాబు చెప్పాల్సిన వాళ్లు కూడా ఉన్నారు.

కొవ్వాడ మీద అయితే మొదటి సినిమా డబ్బు గురించే ఉండాలని మేము అంటాం. ఇక్కడ పెడతామంటున్న రకం రియాక్టర్లు రెండు అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని వోగ్టిల్‌లో 2023లో ఒకటి, 2024లో ఒకటి మొదలయ్యాయి. అనుకున్న దానికంటే సుమారు ఏడేళ్లు ఆలస్యం. సుమారు 1400 కోట్ల డాలర్లన్న ఖర్చు 3000 కోట్ల డాలర్లు దాటింది. పక్కనే దక్షిణ కరోలినాలో అవే రియాక్టర్లు రెండు, 900 కోట్ల డాలర్లు మింగాక, 2017లో సగంలో వదిలేశారు. ఒక్క యూనిట్ కరెంటు పుట్టని ఆ కేంద్రానికి అక్కడి జనం బిల్లుల్లో డబ్బు కట్టారు. ట్రూఅప్ చార్జీల పేరుతో ఎప్పుడో వాడిన కరెంటుకు ఇప్పుడు కడుతున్న మనవాళ్లకు ఇది అర్థం చేయించడానికి వ్యాఖ్యానం కూడా అక్కర్లేదు. చోడవరంలో ఒక ఇంటి కరెంటు బిల్లును చూపిస్తే చాలు.

రెండో సినిమా బాధ్యత గురించి. ప్రమాదానికి యంత్రం లోపమే కారణమైతే దాన్ని అమ్మినవాడి నుంచి డబ్బు రాబట్టే హక్కు 2010 చట్టంలో ఉండేది. విదేశీ కంపెనీలకు మింగుడుపడనిది ఆ సెక్షనే. 2025 డిసెంబరులో పార్లమెంటు 'శాంతి' అన్న పేరుతో కొత్త చట్టం చేసి పాత చట్టాన్ని రద్దు చేసింది, ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది, ఆ హక్కును తీసేసింది. అమ్మినవాడు ఒప్పందంలో తానే రాసిస్తే తప్ప, సరుకు లోపానికి అతన్ని అడగలేం. పురుగుమందు పనిచేయకపోతే డీలరు నుంచి కంపెనీ దాకా అడిగే రైతు ముందు ఈ సంగతి పెట్టి చూడండి.

మూడోది ఎవరిని లెక్కలోకి తీసుకున్నారన్నది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం మూడేళ్లుగా ఆ భూమి మీద ఆధారపడిన కౌలురైతు, కూలి, చేతివృత్తివాడు కూడా బాధిత కుటుంబమే. చేపల వేటతో బతికేవాడూ అంతే. గ్రామసభలో ఆ జాబితా చదివేటప్పుడు కెమెరా అక్కడ ఉండాలి. ఎవరి పేరు వచ్చింది, ఎవరి పేరు రాలేదు, అధికారి ఏమని జవాబిచ్చాడు. ఇందులో నాటకీయత ఉండదని యువ మిత్రులు అంటారు. తన పేరు కోసం చెవులు రిక్కించుకుని నిలబడ్డ కౌలురైతు ముఖం చూసి ఆ మాట అనమనండి.

ఇలాంటి సినిమాలు జనాన్ని కట్టిపడేస్తాయా అన్న సందేహానికి జపాన్‌లో జవాబు ఉంది. 2011 మార్చి 11 ఫుకుషిమా ప్రమాదం తర్వాత ఫుతాబా అనే పట్టణం జనాన్ని దూరంగా ఒక మూతపడ్డ హైస్కూలులో ఉంచారు. ఫునహాషి అనే దర్శకుడు వాళ్ల మధ్య కూర్చుని 'న్యూక్లియర్ నేషన్' తీశాడు. తరగతి గదిలో పరుపులు, పొట్లం అన్నం, వాయిదా పడుతూ పోయే పరిహారం. రియాక్టర్లను నమ్ముకుని, వాటి డబ్బుతో బాగుపడిన ఊరు అది. భయపెట్టే దృశ్యం దాదాపు ఉండదు. అయినా ఆ స్కూలు గదులు మరిచిపోలేం.

భయం లేకపోతే జనం కదలరని వాదించే మిత్రులు ఉన్నారు. భయం ఒక రాత్రి కదిలిస్తుంది, నిజమే. కొవ్వాడ పదిహేనేళ్లు దాటింది. అంతకాలం నిలిచే భయం లేదు. తన లెక్క తేలలేదన్న పట్టుదల మాత్రం నిలుస్తుంది. పైగా భయపెట్టే సినిమాలో ఒక్క అబద్ధం దొరికినా, ఒక్క ఫోటో వేరే ఊరిదని తేలినా, ఉద్యమం మొత్తాన్ని అబద్ధమనేస్తారు. బొగ్గు వద్దన్నారు, అణువు వద్దంటున్నారు, మరి కరెంటు ఎక్కడిది అని అడిగేవాళ్లకు కూడా మన సినిమాలో చోటు ఇవ్వాలి. ఆ ప్రశ్నను దాటేస్తే చూసేవాడు మనల్నీ దాటేస్తాడు.

ప్రదర్శనలు ఎలా జరపాలన్న దానికి వస్తే, మొదట బుధియా సినిమానే వేద్దాం. నవ్వుకోడానికి కాదు, వాళ్ల వాదన పూర్తిగా వినడానికి. ఆ తర్వాత మన పదిహేను నిమిషాలు. ఆ తర్వాత దీపం వేసి కనీసం గంట మాట్లాడుకోవాలి. సినిమా అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఆడవాళ్లు వంట ముగించుకుని వచ్చే వేళకు పెట్టకపోతే సగం ఊరు రానట్టే. రామాలయం గోడ, తెల్ల పంచె, అద్దె ప్రొజెక్టరు సరిపోతాయి, బ్యాటరీ మాత్రం మరవకండి. కరెంటు మీద సినిమా వేస్తుండగా కరెంటు పోతే ఊరు ఊరంతా నవ్వుతుంది. తీసినవాళ్లను అడగకుండా ఎవరి సినిమా వేయొద్దు. బహిరంగ ప్రదర్శనకు సర్టిఫికెట్ అడిగే చట్టం ఉంది కాబట్టి సంఘం సభ్యుల సమావేశంగా పెట్టుకోవడం మేలు.

తీయడానికి పెద్ద కెమెరాలు అక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ వదిలినప్పుడు ఆర్.ఆర్. వెంకటాపురంలో రోడ్ల మీద మనుషులు కూలిపోవడం లోకానికి తెలిసింది ఫోన్లలో తీసిన వీడియోల వల్లే. కొవ్వాడ గ్రామసభల్లో, ధర్నాల్లో మన కార్యకర్తలు తీసినవి ఎన్ని ఫోన్లలో పడి ఉన్నాయో. ఫోను మారిస్తే పోతాయి. ఎవరి దగ్గర ఏమున్నా తేదీ, ఊరు, మాట్లాడినవారి అనుమతి ఉందో లేదో ఒక కాగితం మీద రాసి, వచ్చే నెల మండల సమావేశానికి పట్టుకురండి. కాపీ తీసుకుని ఫోను అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం.