ప్రశ్న మన గూడెంలో పుట్టాలి

పరిశోధన అనే మాట వినగానే మన వాళ్లకు గుర్తొచ్చేది ఒక్కటే. పట్నం నుంచి ఒకాయన వస్తాడు. నోటుబుక్కు తీస్తాడు. పెళ్లి ఎలా చేస్తారు, చనిపోయిన వాళ్లను ఎలా సాగనంపుతారు, ఏ పండక్కి ఏ కోడిని కోస్తారు అని అడుగుతాడు. రాసుకుని వెళ్లిపోతాడు. ఆయనకు డాక్టరేట్ వస్తుంది. మనకు ఆ పుస్తకం ముఖం కూడా కనపడదు. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. ఆయన కొలబద్దలు పట్టుకుని తిరిగి మనుషుల తలలు, ముక్కులు కొలిచాడు. అప్పటి నుంచి మనం కొలవబడుతూనే ఉన్నాం.

వచ్చిన వాళ్లందరూ అలాంటి వాళ్లేనని నేను అనను. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని పాటుపడ్డారు, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. ఆయన్ని గౌరవించాల్సిందే. కానీ ఈ వ్యాసంలో నేను మాట్లాడేది వేరే పరిశోధన గురించి. ఇంజనీరింగు, కంప్యూటర్లు, భౌతిక రసాయన శాస్త్రాల్లో జరిగే పరిశోధన గురించి. మన సాహిత్య సభల్లో దీని ఊసు రాదు. మన ఉద్యమ కరపత్రాల్లోనూ రాదు. అది మన విషయం కాదన్నట్టు ఉంటాం. ఆ మౌనం మనకు చాలా ఖరీదు పడుతోందని నా వాదన.

శాస్త్రంలో రెండు రకాల ప్రశ్నలున్నాయి. నిప్పు ఎందుకు మండుతుంది అనేది ఒకటి. తక్కువ కట్టెతో, తక్కువ పొగతో అంబలి కాచే పొయ్యి ఎలా చెయ్యాలి అనేది రెండోది. రెండోదాన్ని అనువర్తిత పరిశోధన అంటారు. ఈ రెండో రకంలో అసలు బలం జవాబు చెప్పేవాడిది కాదు, ప్రశ్న వేసేవాడిది. ఏది సమస్య, ఎవరి సమస్య, దేన్ని కొలవాలి, ఎప్పుడు పని అయిపోయినట్టు అని తేల్చేది అతనే. ఇంతవరకు మన గూడేలకు జవాబులు వచ్చాయి. వాటి వెనక ఉన్న ప్రశ్నలు మాత్రం మనవి కావు.

పొయ్యినే తీసుకోండి. 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2002లో దాన్ని కేంద్రం ఆపేసే నాటికి దేశంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచామని లెక్క. ఈనాడు గూడేల్లో తిరిగి చూడండి, వాటిలో ఎన్ని మిగిలాయో. ఒడిశాలో సుమారు 2,600 కుటుంబాలకు ఇచ్చిన మెరుగైన పొయ్యిలను నాలుగేళ్లపాటు గమనించి, తర్వాత నోబెల్ బహుమతి అందుకున్న ఎస్తర్ డఫ్లో, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు 2012లో ఒక పత్రం రాశారు. మొదటి ఏడు పొగ కొంత తగ్గింది. తర్వాత ఆ లాభం కూడా పోయింది. జనం వాటిని సరిగా వాడలేదు, మరమ్మతు చేసుకోలేదు. ఊపిరితిత్తుల ఆరోగ్యంలో మార్పు లేదు, కట్టెల ఖర్చూ తగ్గలేదు.

ఇది చదివిన పెద్దలు ఏమంటారు? 'వాళ్లకు అవగాహన లేదు' అంటారు. నేనంటాను, అవగాహన లేనిది పొయ్యి చేసిన వాళ్లకి. ప్రయోగశాలలో పొయ్యిని పరీక్షించే పద్ధతి ఒకటుంది. గిన్నెడు నీళ్లు పెట్టి, అవి మరగడానికి ఎంత కట్టె పట్టిందో కొలుస్తారు. మంచి పరీక్షే. కానీ మన ఇంట్లో పొయ్యి నీళ్లు మరిగించడానికి మాత్రమే ఉందా? పుష్యమాసం చలిలో ముసలాళ్లు దాని చుట్టూ పడుకుంటారు. పొయ్యి మీది అటక మీద వచ్చే ఏటి విత్తనం ఉంటుంది. ఆ పొగకే విత్తనానికి పురుగు పట్టదు. తాటాకు, గడ్డి కప్పుకు చెద పట్టదు. పచ్చి కట్టె ఆ వేడికే ఆరుతుంది. రాత్రిపూట వెలుతురూ అదే. గొట్టం పెట్టి పొగను బయటికి పంపేసిన పొయ్యి ఒక పని బాగా చేసింది, నాలుగు పనులు మానేసింది. ఆడవాళ్లు దాన్ని పక్కన పెట్టారు. అది వాళ్ల తెలివి.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. ఆదివాసీ ప్రకృతి బిడ్డ, వాడికి యంత్రాలెందుకు అని కవిత్వం చెప్పేవాళ్లున్నారు. మనలోనూ ఉన్నారు. ఆ పొగలోనే మన అమ్మల కళ్లు పోతున్నాయి, చంటిపిల్లలకు దగ్గు ఆగడం లేదు. పొగ పవిత్రమని నేననను. అడగాల్సిన ప్రశ్నను సరిగ్గా అడగమంటున్నాను. 'పొగ లేని పొయ్యి ఎలా?' అనేది పట్నం ప్రశ్న. 'విత్తనానికి పురుగు పట్టకుండా, ఇల్లు వెచ్చగా ఉంచుతూ, అమ్మ ఊపిరితిత్తులను కాపాడే ఏర్పాటు ఎలా?' అనేది గూడెం ప్రశ్న. రెండో ప్రశ్నకు జవాబు కష్టం. అందులో భౌతికశాస్త్రం ఉంది, రసాయనశాస్త్రం ఉంది, కట్టడం పని ఉంది. దాని మీద పీహెచ్‌డీలే చెయ్యొచ్చు. కానీ ఆ ప్రశ్న వెయ్యడానికి ఆ ఇంట్లో పుట్టి ఉండాలి, లేదా ఆ ఇంటి మనిషి మాట వినాలి.

వింటే ఏమవుతుందో చూపించే ఉదాహరణ మన ఏజెన్సీలోనే ఉంది. తపసి జిగురు. పళ్ల సెట్టు అంటించే మందులోనూ, తిండి పదార్థాల్లోనూ వాడతారు కాబట్టి విదేశాలకు పోయే సరుకు. ఒకప్పుడు గొడ్డలితో లోతుగా నరికి తీసేవాళ్లు. చెట్టు చచ్చిపోయేది, జిగురులో బెరడు, మట్టి కలిసి ధర పడిపోయేది. 1990ల నుంచి విశాఖలోని కోవెల్ ఫౌండేషన్ లాంటి సంస్థలు జిగురు తీసే గిరిజనులతోనే కూర్చుని పనిచేశాయి. చిన్న పనిముట్లతో పైపైన గాటు పెట్టడం, గాటుకీ గాటుకీ మధ్య చెట్టుకు విరామం ఇవ్వడం, జిగురును శుభ్రంగా పట్టి ఆరబెట్టడం, రకాల వారీగా వేరు చెయ్యడం నేర్పాయి. చెట్టు బతికింది, సరుకు రకం మెరుగుపడింది. ఇందులో రాకెట్ శాస్త్రం లేదు. ఎవరి చేతిలో గొడ్డలి ఉందో వాళ్లని అడిగారు, అంతే.

అడగకపోతే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. రేషను డిపోలో వేలిముద్ర యంత్రం పెట్టారు. రాళ్లు మోసి, మట్టి తవ్వి, చింతపండు కొట్టి గీతలు అరిగిపోయిన వేళ్లను అది గుర్తుపట్టదు. సిగ్నల్ లేని చోట ఆ యంత్రాన్నే గుట్ట మీదికి మోసుకెళ్లి, జనాన్ని అక్కడికి నడిపించిన గూడేలున్నాయి. ఆఫీసులో కూర్చుని పనిచేసే వాడి వేలికి సరిపోయేలా చేసిన యంత్రం మన వేలిని తప్పు పట్టింది. తప్పు వేలిది కాదు.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద విషయానికి వస్తాను. భాష, కంప్యూటరు. ఫోనులో మాట్లాడితే అక్షరాలు వచ్చే రోజులివి. కోయలో 'ఏరు' అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. దాహం వేసి 'ఏరు' అన్న కోయ పిల్లవాడిని, ఒకటో తరగతిలో వాగు చూపించే పంతుళ్లు ఇప్పటికే మనకున్నారు. రేపు ఆ పని యంత్రం చేస్తుంది. ఆసుపత్రిలో, బ్యాంకులో, ఆఫీసులో మాట్లాడే యంత్రాలు వస్తున్నాయి. వాటికి మన మాట తెలియకపోతే మనం మళ్లీ మూగవాళ్లం అవుతాం.

2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షలకు పైనే. కోయ 4 లక్షలకు పైనే. సంస్కృతం మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 24,821 మంది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో సంస్కృతం ఉంది, గోండి లేదు, కోయ లేదు. ఆ షెడ్యూలులోని 22 భాషల్లో ఆదివాసీ భాషలు రెండే, సంతాలీ, బోడో. అవీ 2003 నాటి 92వ సవరణతో వచ్చినవే. ప్రభుత్వం కంప్యూటరు అనువాదం కోసం డబ్బు పెట్టినప్పుడు ముందుగా ఆ 22 భాషలకే పెట్టింది. 2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 'ఆది వాణి' తెచ్చింది. సంతాలీ, భీలీ, ముండారీ, గోండీలతో మొదలైంది. మంచి అడుగే, స్వాగతిద్దాం. మొదటి విడతలో కోయ, కొలామీ, సవర లేవు. అడగని వాళ్లకు అమ్మ కూడా పెట్టదంటారు కదా, మనం అడిగామా?

అడగడంతో పాటు జాగ్రత్త పడాల్సిన సంగతి ఒకటుంది. యంత్రానికి భాష నేర్పాలంటే మన గొంతులు కావాలి, మన కథలు కావాలి, గంటల కొద్దీ. మా ప్రాంతానికీ ఒక బృందం వచ్చింది. పిల్లల చేత, ముసలమ్మల చేత వాక్యాలు చదివించి, పాటలు పాడించి ఫోనుల్లో రికార్డు చేసుకుంది. వాటిని ఏం చేస్తారని అడిగితే 'పైకి పంపాలి సార్' అన్నారు. పైన ఎవరున్నారో ఆ కుర్రాళ్లకూ తెలియదు.

కేరళలో కాణి తెగ వాళ్లు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్క నుంచి 'జీవని' అనే మందు తయారైంది. దాని తయారీ హక్కు ఇచ్చినందుకు పరిశోధన సంస్థకు వచ్చిన సొమ్ములో సగం కాణి వాళ్లకు అని ఒప్పుకున్నారు. 1997లో అందుకోసం వాళ్ల ట్రస్టు ఏర్పడింది. ఆ ఏర్పాటులో లోపాలున్నాయని విమర్శలొచ్చాయి, కానీ వాటా అనే సూత్రం నిలబడింది. 2002లో జీవవైవిధ్య చట్టం కూడా వచ్చింది. అంటే మన ఆకుకు చట్టం ఉంది, మన మాటకు లేదు. మన తాత చూపించిన వేరుతో లాభం వస్తే వాటా అడగొచ్చు. మన అవ్వ చెప్పిన కథతో యంత్రం నేర్చుకుంటే అడగడానికి మనకు అలాంటి చట్టం లేదు.

న్యూజిలాండులో మావోరీలు చట్టం కోసం ఎదురుచూడలేదు. తె హికు మీడియా అనే వాళ్ల సొంత రేడియో సంస్థ 2018లో తమ జనాన్నే పిలిచింది. పది రోజుల్లో 300 గంటలకు పైగా మావోరీ మాట రికార్డయింది. దానితో మాటను అక్షరాలుగా మార్చే వ్యవస్థను వాళ్లే తయారు చేసుకున్నారు. బయటి కంపెనీలకు ఆ గొంతులను అమ్మలేదు. ఎవరు వాడాలన్నా మావోరీలకు మేలు జరగాలనే షరతుతో లైసెన్సు రాసుకున్నారు. అది చేసింది ఓ చిన్న ఊళ్లోని రేడియో వాళ్లు. మనకు గోండి ఉంది, ఆదిలాబాద్‌లో గుంజాల లిపి ఉంది. అది 2018లో యూనికోడ్‌లో చేరింది కూడా. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో వేసిన బడి పుస్తకాలున్నాయి. అవి తెలుగు లిపిలో ఉన్న మన భాషా సంపద. చాలాచోట్ల బీరువాల్లో చెదలకు వదిలేశారు.

'ముందు ఉద్యోగం, తర్వాత పరిశోధన' అని మన పిల్లల తల్లిదండ్రులు అంటారు. వాళ్లను తప్పు పట్టను. నేనూ డి.ఎడ్. చదివి ఉద్యోగంలో చేరినవాడినే. కానీ ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న పిల్లను 'నీకెందుకమ్మా లెక్కలు, ఆర్ట్స్ తీసుకో, తేలిక' అని పంపేసే పంతుళ్లను మాత్రం తప్పు పడతాను. షెడ్యూల్డు తెగల విద్యార్థుల పరిశోధనకు కేంద్రం ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తుంది. మన పిల్లలు వాటితో మన తెగ ఆచారాల మీదే రాయాలని రూలు లేదు. వంతెన మీద రాయొచ్చు, బ్యాటరీ మీద రాయొచ్చు, కోయ మాట వినే కంప్యూటరు మీద రాయొచ్చు. 2023లో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం వచ్చింది. ఐదేళ్లలో 50,000 కోట్లు అన్నారు. అందులో గూడెం ప్రశ్నకు ఎంత అని అడిగే గొంతు మనది కావాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ప్రయోగశాల లేదని సాకు చెప్పొద్దు. ఒక వారం పాటు పిల్లల చేత తమ ఇంట్లో రోజుకు ఎన్ని కిలోల కట్టె కాలుతుందో తూకం వేయించండి. పచ్చి కట్టెతో అన్నం ఎంతసేపటికి ఉడికింది, ఎండు కట్టెతో ఎంతసేపటికి అని రాయించండి. కట్టెలో నీరుంటే మంట వేడిలో కొంత ఆ నీటిని ఆవిరి చెయ్యడానికే పోతుందని ఆ పట్టికే చెబుతుంది. కట్టె తెచ్చేందుకు అమ్మ ఎంత దూరం నడిచిందో కూడా ఒక గడిలో రాయించండి. ప్రయోగశాల పట్టికలో ఆ గడి ఉండదు. మన ప్రశ్న అక్కడే ఉంది. ఆ పట్టికను గ్రామసభలో చదవండి. ఐటీడీఏకు, దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీకి పంపండి. జవాబు రాకపోతే మళ్లీ పంపండి.

గ్రామసభలకు ఒక మాట. ఇకమీదట ఎవరొచ్చి కొలిచినా, రికార్డు చేసినా ముందు మూడు అడగండి. ఈ ప్రశ్న ఎవరిది? తీసుకెళ్లింది ఎక్కడ ఉంటుంది? ఫలితం మాకు ఎప్పుడు, మా భాషలో ఎలా చెప్తావు? రాతపూర్వకంగా చెప్పని వాళ్లకు మంచినీళ్లిచ్చి మర్యాదగా సాగనంపండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముక్కులు కొలిపించుకున్న కాలం చాలు. కొలబద్ద ఈసారి మన చేతిలో ఉండాలి. దేన్ని కొలవాలో కూడా మనమే చెప్పాలి.