ఓడినా గెలిచిన పార్టీ!

కెనడాలో స్థిరపడ్డ మనవాళ్లు సెలవులకు వచ్చినప్పుడు అడిగి చూడండి. అక్కడ డాక్టరుకు చూపించుకున్నా, ఆపరేషన్ చేయించుకున్నా ఫీజు కట్టక్కర్లేదు. హెల్త్ కార్డు చూపిస్తే చాలు. మందుల ఖర్చు వేరు, కొన్ని ఆపరేషన్లకు నెలల తరబడి ఆగాలి... ఆ ఫిర్యాదులూ చెబుతారు. కానీ జబ్బు చేస్తే ఇల్లు అమ్ముకోవాలన్న భయం లేదంటారు.

ఇంత మేలు చేసింది ఏ పార్టీ? 1867 నుంచీ ఆ దేశాన్ని ఏలుతున్నవి కన్జర్వేటివ్, లిబరల్ పక్షాలే. విచిత్రమేంటంటే, ఈ ఆలోచనను మొదట భుజానికెత్తుకున్న పార్టీ ఆ రెండూ కాదు. రాజధాని ఒట్టావాలో ఒక్కసారి కూడా గద్దెనెక్కని మూడో పార్టీ!

టామీ డగ్లస్ అనే పిల్లాడికి మోకాలి ఎముకకు జబ్బు చేసింది. వైద్యం చేయించే స్తోమత ఇంట్లో లేదు. కాలు తీసేయక తప్పదనుకుంటున్న సమయంలో ఓ సర్జన్ ముందుకొచ్చాడు. విద్యార్థులకు పాఠంగా చూపించడానికి ఒప్పుకుంటే ఉచితంగా ఆపరేషన్ చేస్తానన్నాడు. కాలు నిలిచింది. కానీ ‘అదృష్టం కలిసిరాని పిల్లల సంగతేంటి?’ అన్న ప్రశ్న డగ్లస్‌ను జీవితాంతం వదల్లేదు.

పెద్దయ్యాక చర్చి పాస్టర్ అయ్యాడు. రైతులు, కార్మికులు కలిసి 1932లో పెట్టుకున్న సీసీఎఫ్ పార్టీలో చేరాడు. 1944లో సస్కచెవాన్ రాష్ట్రంలో ఆ పార్టీని గెలిపించి ప్రభుత్వాధినేత అయ్యాడు. 1947లో అక్కడ ఆసుపత్రి ఖర్చులకు బీమా తెచ్చాడు.

1961లో సీసీఎఫ్, కార్మిక సంఘాలు కలిసి ఎన్డీపీగా మారాయి. దాని తొలి నాయకుడు డగ్లసే. మరుసటి ఏడాది జూన్‌లో పార్లమెంటుకు పోటీచేస్తే సొంత రాష్ట్రంలోనే ఓడిపోయాడు! జులై 1న అక్కడ డాక్టరు ఫీజులకూ బీమా అమల్లోకి రాగానే వైద్యులు సమ్మె కట్టారు. 23 రోజులు సాగింది. ప్రభుత్వం కొన్ని సవరణలకు ఒప్పుకుంది కానీ పథకాన్ని మాత్రం వదల్లేదు.

ఆ తర్వాత జరిగిందే అసలు కథ. కన్జర్వేటివ్ ప్రధాని డీఫెన్‌బేకర్ వేసిన కమిషన్, దేశమంతా ఇలాంటి పథకం కావాలని 1964లో తేల్చింది. లిబరల్ ప్రధాని పియర్సన్‌కు పార్లమెంటులో పూర్తి మెజారిటీ లేదు. ఎన్డీపీ వంటి చిన్న పార్టీల మాట వినక తప్పని పరిస్థితి. 1966లో చట్టం వచ్చింది. 1972కల్లా అన్ని రాష్ట్రాలూ చేరాయి. ఒకరు నాటారు, ఒకరు నీళ్లు పోశారు, ఇంకొకరు కంచె కట్టారు. నీడ మాత్రం అందరికీ!

2004లో సీబీసీ టీవీ ‘కెనడా మహనీయుడు ఎవరు?’ అని ప్రజల్ని ఓట్లడిగితే మొదటి స్థానం డగ్లస్‌కే దక్కింది. ఎన్నడూ ప్రధాని కాని మనిషికి!

2025 ఏప్రిల్ ఎన్నికల్లో అదే ఎన్డీపీకి 343 సీట్లలో ఏడే వచ్చాయి. సభలో పార్టీగా గుర్తింపు దక్కాలంటే పన్నెండు ఉండాలి. ‘ఎలాగూ గెలవని పార్టీకి ఓటెందుకు?’ అని దాని అభిమానులే చాలామంది లిబరల్స్ వైపు మళ్లారు.

ఆ మాట మనమూ అంటుంటాం కదా... ఓటు వృథా అని. 1940లలో సస్కచెవాన్ రైతులూ అలాగే అనుకుని ఉంటే? ఆ దేశంలో ఆసుపత్రి బిల్లు ఇప్పటికీ ఇంటికొస్తూ ఉండేదేమో!