దాతలు, దరఖాస్తులు, చరిత్ర

ఢిల్లీకి వచ్చి హుమాయూన్ సమాధిని చూచిన వారికి ఒక ప్రశ్న తోచక మానదు. శిథిలాలకు కొదువ లేని ఈ మహానగరంలో ఈ ఒక్క కట్టడం ఇంత నిండుగా ఎట్లా నిలిచింది? సమాధానం బహిరంగ రహస్యం కూడ కాదు, బహిరంగమే. సమాధి చుట్టూ ఉన్న ఉద్యానాన్ని 2003 నాటికి పునరుద్ధరించినది ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు. 2007లో కేంద్ర పురావస్తు శాఖతో ఆ సంస్థ మరింత విస్తృతమైన ఒప్పందం చేసుకున్నది. సమాధి మరమ్మతుకు టాటా ట్రస్టు ధనం తోడైంది. గత శతాబ్దంలో పైకప్పు మీద పొరలు పొరలుగా పోసిన కాంక్రీటును, ఇంచుమించు పది లక్షల కిలోల బరువును, పనివారు చేతి ఉలులతో తొలగించి మళ్ళీ సున్నపు గచ్చు చేశారు. 2013 సెప్టెంబరులో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ పని పూర్తయిన సందర్భాన జరిగిన ఉత్సవానికి హాజరైనారు.

అదే ట్రస్టు 2013లో గోలకొండ చెంత కుతుబ్ షాహీ సమాధుల పనికి పూనుకొన్నది. 106 ఎకరాల ఆవరణలో సమాధులు, మసీదులు, దిగుడు బావులు కలిపి వందకు పైగా కట్టడాలు. పని మొదలైనప్పుడు రాష్ట్రం ఒక్కటి. 2024 జూలైలో ముగింపు ఉత్సవం జరిగేనాటికి రాష్ట్రాలు రెండు. ప్రభుత్వాలు మారినవి, సరిహద్దులు మారినవి, పని మాత్రం ఆగలేదు. మన పంచవర్ష ప్రణాళికల చరిత్ర ఎరిగినవారు ఈ మాటలోని బరువును గ్రహించగలరు.

ప్రైవేటు దాతల ధనంతో చరిత్రను కాపాడుకొనుట మనకు గౌరవమా, అగౌరవమా అన్న వివాదం ఢిల్లీలో అప్పుడప్పుడు చెలరేగి చల్లారుతూ ఉంటుంది. 2018లో ఎర్రకోటను దాల్మియా భారత్ సంస్థ అయిదేండ్లకు, 25 కోట్ల రూపాయల వ్యయానికి, దత్తత తీసుకొన్నప్పుడు పార్లమెంటు లోపలా బయటా పెద్ద దుమారమే లేచింది. అదే ఒప్పందంలో మన కడప జిల్లా గండికోట కూడ ఉన్నదన్న సంగతి ఆ దుమారంలో చాలమందికి వినిపించలేదు. ఆ ధనం కోటగోడల మరమ్మతుకు కాదు. మంచినీరు, మరుగుదొడ్లు, దీపాలు, దారి చూపే పలకలు వంటి యాత్రికుల సౌకర్యాలకు. కోటను అమ్మివేశారని అన్నవారు ఒప్పందం చదువలేదు. కోటను ఉద్ధరించారని అన్నవారూ చదువలేదు.

దాతలు ఉండవచ్చునా అన్నది నా దృష్టిలో అసలు ప్రశ్న కాదు. దాతలు ఎప్పుడూ ఉన్నారు. పూనాలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో మహాభారత సంశోధిత ప్రతికి శ్రీకారం చుట్టినప్పుడు ఔంధ్ సంస్థానాధీశుడు లక్ష రూపాయలు వాగ్దానం చేశారు. ఆ మహాకార్యం 1966లో గాని ముగియలేదు. మన కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించగలిగారంటే మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారి అండ ఉండబట్టే. కాని లక్ష్మణరావుగారు 1923లో కన్నుమూయగానే ఆయన తలపెట్టిన విజ్ఞాన సర్వస్వం నిలిచిపోయింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు పూనుకొనే వరకు దానికి దిక్కు లేకపోయింది. వ్యక్తుల ఔదార్యం మీద నిలిచిన విద్య వ్యక్తులతోనే కుంటుపడుతుందన్న పాఠం మనకు అప్పుడే అందింది.

రెండవ పాఠం పాటలీపుత్రంలో ఉన్నది. జంషెడ్జీ టాటా చిన్న కుమారుడు రతన్ టాటా, పాట్నా చెంత తవ్వకాలకు ఏటా 20 వేల రూపాయలు ఇస్తానని ముందుకు వచ్చారు. 1912-13 శీతకాలం మొదలు పురావస్తు శాఖాధికారి స్పూనర్ కుమ్రహార్ వద్ద తవ్వి మౌర్యుల నాటి స్తంభ మంటపం జాడలు వెలికితీశారు. నేటికీ నిలిచిన ఘనకార్యం అది. కాని 1915లో ఆయన ఇంకొక అడుగు ముందుకు వేసి, మౌర్యుల భవనం పారశీక చక్రవర్తుల పెర్సిపోలిస్‌కు అనుకరణ అనీ, మౌర్యులే పారశీక మూలం వారనీ, బుద్ధునిది కూడ ఆ మూలమే కావచ్చుననీ వ్రాశారు. పండితులు దానిని అంగీకరించలేదు. పార్సీ దాత ధనంతో జరిగిన తవ్వకంలో పారశీక చరిత్ర బయటపడటం కాకతాళీయమా? దాత అట్లా వ్రాయమన్నారని నేను అనటం లేదు. దాత నోరు విప్పనవసరం లేదన్నదే నా భయం. పుచ్చుకొనేవాని కలం తనంతట తానే కొంచెం వంగుతుంది. ఆ వంపును చూడగలిగిన సహపండితులు, విమర్శించే స్వేచ్ఛ ఉన్నప్పుడే ధనం వల్ల చరిత్రకు హాని ఉండదు.

ఇక నేటి స్థితి. దాతలకు రాతి మీద ఉన్న ప్రేమ కాగితం మీద లేదు. సమాధికి గుమ్మటం ఉన్నది. దాని ముందు నిలిచి ఛాయాచిత్రం దిగవచ్చును. తాటాకు కట్టకు, కరణం లెక్కల కవిలెకు, చిరిగిన వార్తాపత్రిక సంపుటానికి ఆ భాగ్యం లేదు. చట్టంలో కూడ ఇదే పక్షపాతం కనిపిస్తుంది. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు మూడేండ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక కార్యాలకు వెచ్చించాలన్నది. ఆ కార్యాల పట్టికలో చారిత్రక కట్టడాల పునరుద్ధరణ ఉన్నది, కళాఖండాల రక్షణ ఉన్నది, ప్రజా గ్రంథాలయాల స్థాపన ఉన్నది. పరిశోధన అన్న మాట కూడ ఉన్నది. కాని విజ్ఞానశాస్త్రం, సాంకేతికం, ఇంజనీరింగు, వైద్యం వరకే. చరిత్ర పరిశోధన ఆ పట్టికలో పేరెత్తి చెప్పదగినదిగా చట్టకర్తలకు తోచలేదు.

కొద్ది కాలం క్రిందట కోస్తా జిల్లాలోని ఒక చిన్న పట్టణం నుండి విశ్రాంత తెలుగు ఉపన్యాసకులు ఒకరు నా వద్దకు వచ్చారు. వారి ఊరి గ్రంథాలయంలో పాత పత్రికల సంపుటాలు, కొన్ని తాటాకు ప్రతులు ఉన్నవి. వానకు తడిసినవి, చెదకు పోయినవి పోగా మిగిలినవాటిని యంత్రంపై బొమ్మలు తీయించి భద్రపరచాలని ఆయన కోరిక. "ఢిల్లీలో ఉన్నారు గదా, ఏ తలుపు తట్టాలో చెప్పండి" అన్నారు. నేను తెలిసినంత చెప్పాను. సంఘం రిజిస్టరై ఉండాలి. ఆదాయపు పన్ను శాఖ గుర్తింపులు రెండు ఉండాలి. కంపెనీల ధనం కావాలంటే 2021 నుండి మరొక నమోదు తప్పనిసరి. విదేశీ ఫౌండేషన్ అయితే హోం శాఖ రిజిస్ట్రేషన్ కావాలి. దానికి సంఘానికి మూడేండ్ల వయస్సు, ఆ మూడేండ్లలో 15 లక్షల రూపాయలు సేవా కార్యాలకు వెచ్చించిన లెక్క చూపాలి. ప్రతిపాదన ఆంగ్లంలో ఉండాలి, వ్యయ అంచనా వివరంగా ఉండాలి. అంతా విని ఆయన నవ్వారు. "ఇన్ని కొత్త కాగితాలు పుట్టించే శక్తే ఉంటే, ఆ పాత కాగితాలను చేత్తో తిరగవ్రాసి ఉండేవాణ్ణి గదండీ!"

ఆ నవ్వులో మన విధానం మీద ఒక తీర్పు ఉన్నది. మూడేండ్లలో 15 లక్షలు వెచ్చించగల సంఘానికి దానం అంత అత్యవసరం కాదు. అత్యవసరమైన సంఘం 15 లక్షలు కలలో కూడ చూడలేదు. 2020 సవరణకు ముందు దీనికొక దారి ఉండేది. ఢిల్లీలోనో హైదరాబాదులోనో ఉన్న పెద్ద సంస్థ విదేశీ విరాళం స్వీకరించి, అర్హత గల చిన్న సంస్థలకు పంచి ఇవ్వగలిగేది. ఆ సవరణ అట్టి బదిలీని పూర్తిగా నిషేధించింది. పాలనా వ్యయం పరిమితిని 50 శాతం నుండి 20కి దించింది. దేశంలో ఏ మూలకు రావలసిన విదేశీ విరాళమైనా మొదట ఢిల్లీ పార్లమెంటు వీధిలోని స్టేట్ బ్యాంకు శాఖలో దిగాలన్నది. పరాయి ధనం మన రాజకీయాలను శాసించరాదన్న ఉద్దేశాన్ని ఎవరూ కాదనరు. 1976లో మొదటి చట్టం వచ్చినప్పుడూ చెప్పిన మాట అదే. కాని పురుగు తిన్న తాటాకు వల్ల దేశ సార్వభౌమత్వానికి ఏ ముప్పో హోం శాఖ వివరించవలసి ఉన్నది.

మంచి నమూనాలు లేకపోలేదు. బ్రిటిష్ లైబ్రరీ 2004 నుండి ఆర్కేడియా అనే దాతృ నిధి ధనంతో ప్రమాదంలో ఉన్న ప్రాచీన పత్రాలను కాపాడే పథకం నడుపుతున్నది. మూల ప్రతి పుట్టిన దేశం దాటరాదు, నకలు ఒకటి స్థానిక సంస్థకు, ఒకటి లండనుకు, చదువదలచినవారికి ఉచితం. ఒకప్పుడు మన అమరావతి శిల్పాలనే లండనుకు తరలించిన జాతి నేడు ప్రతిని కదల్చవద్దని నియమం పెట్టుకొన్నదంటే కాలం కొంత మారినట్లే. తమిళనాట కోట్టైయూరులో రోజా ముత్తయ్య అనే పుస్తక ప్రియుడు జీవితమంతా కూడబెట్టిన భాండాగారాన్ని, 1992లో ఆయన మరణించాక, చికాగో విశ్వవిద్యాలయం కొన్నది. కొని అమెరికాకు తరలించలేదు. మద్రాసులోనే గ్రంథాలయంగా నిలిపింది. నేడు తమిళ చరిత్ర వ్రాయదలచినవారు ఆ గడప తొక్కక తప్పదు. తెలుగునాట ఎందరు ముత్తయ్యలు గతించారో, వారి అలమారలు ఏ కిరాణా కొట్టుకు చేరినవో ఆలోచిస్తే మనస్సు చివుక్కుమంటుంది.

చేయదగిన పనులు అసాధ్యమైనవి కావు. రెండు తెలుగు రాష్ట్రాల పురాలేఖన శాఖలు, విశ్వవిద్యాలయాలు చిన్న గ్రంథాలయాలకు ఆశ్రయ సంస్థలుగా నిలువవచ్చును. దరఖాస్తు వ్రాసిపెట్టుటకు, లెక్కలు చూచుటకు ఇద్దరు ఉద్యోగులు చాలు. కంపెనీల చట్టం పట్టికలో ప్రాచీన పత్రాల రక్షణను, చరిత్ర పరిశోధనను పేరెత్తి చేర్చమని మన పార్లమెంటు సభ్యులు అడుగవచ్చును. దానికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు. కొద్ది మొత్తపు విదేశీ విరాళాలకు, పత్ర రక్షణ వరకు, సులభమైన అనుమతి ఏర్పరచవచ్చును. దాత విధించిన ప్రతి షరతును ప్రజల ముందు ఉంచాలి. పాటలీపుత్రం నేర్పిన పాఠం అది.

కేంద్రం 2025-26 బడ్జెట్‌లో కోటికి పైగా వ్రాతప్రతుల సర్వేకు, నమోదుకు, రక్షణకు జ్ఞాన భారతం పేరుతో కార్యక్రమం ప్రకటించింది. సంతోషమే. అయితే సర్వే అంటే లెక్క. లెక్కించిన తాటాకు అంతమాత్రాన బ్రతుకదు.

విదేశాలలోని తెలుగువారికి ఒక మాట. భారత పౌరసత్వం నిలుపుకొన్నవారు తమ సంపాదన నుండి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. పరదేశ పౌరసత్వం తీసుకొన్నవారి విరాళం మాత్రం వస్తుంది. సొంత ఊరిలో గుడికి గోపురం కట్టించే చేతులు ఆ పక్కనే ఉన్న గ్రంథాలయానికి చెద మందు కొనిపెడితే దేవుడు అలుగడు.

గోలకొండ సమాధులకు దాత దొరికాడు. ఆ నవాబుల ఏలుబడిలో బ్రతికిన రైతు ఎంత శిస్తు కట్టాడో, ఏ కరవులో ఊరు విడిచాడో చెప్పే కాగితానికి ఇంకా దొరకలేదు. రాజుల గోరీలు మాత్రమే మిగిలి ప్రజల కవిలెలు నశిస్తే, రేపటి చరిత్రకారుడు ఎంత నిజాయితీపరుడైనా రాజుల చరిత్రే వ్రాస్తాడు. అతని ముందు మరొకటి ఉండదు గనుక.