తీగ కడితే జబ్బు పోదు!

ఈ శీర్షికలో ఇంతకుముందు మిక్సీల గురించి, ఇన్వర్టర్ల గురించి చెప్పుకున్నాం. ఈ వారం ముచ్చట కాస్త వింతది.

డోన్ నుంచి అన్న కొడుకు ఫోన్ చేశాడు. "చిన్నాయనా, నాయన షాపులో ఉండె చూడు ముస్తఫా డబ్బా.. అది మిద్దె కింద రూములో బయటపడింది. కరెంటు పెడితే సౌండు వస్తాంది గానీ బొమ్మ రాల్యా. మూత ఇప్పి చూసేదా?" అన్నాడు.

నలభై దాటిన వాళ్లకు ఈపాటికి నవ్వొచ్చే ఉంటుంది. 1993లో కాప్‌కామ్ కంపెనీ తెచ్చిన ఆ ఆట అసలు పేరు 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. మన ఊళ్లలో మాత్రం అందులోని ఒక వీరుడి పేరే ఆటకూ స్థిరపడిపోయింది. గుంతకల్లు, కర్నూలు, నంద్యాల దారులు కలిసే జంక్షన్ కదా డోన్. రైలు ఆలస్యమైతే కుర్రాళ్లంతా అన్న షాపులోనే! ఆ రూపాయి బిళ్లలతోనే ఇల్లు గడిచింది, పిల్లలు చదువుకున్నారు.

"ముందు ప్లగ్ పీకెయ్. మూత జోలికి పోవద్దు" అన్నాను. బెదిరించడానికి కాదు. మన 230 వోల్టుల కరెంటు లోపలికెళ్లి డీసీగా మారితే 320 వోల్టుల దాకా అవుతుంది. పెద్ద కెపాసిటర్ దాన్ని ప్లగ్ తీశాక కూడా పట్టుకుని ఉంటుంది. ఇక పిక్చర్ ట్యూబు పక్కన రబ్బరు టోపీ కింద ఉండేది ఇరవై వేల వోల్టులకు పైమాటే. పాత టీవీ విప్పాలన్నా ఇదే జాగ్రత్త.

ఆదివారం నేనూ వెళ్లాను. ముప్పై ఏళ్లు టీవీలు బాగుచేసిన పెద్దాయనను పిలిపించాం. ఆయన మూత తీయకముందే సగం జబ్బు చెప్పేశాడు. "సౌండు వస్తాందంటే ఆట బోర్డు బాగుండాది. దానికి 5, 12 వోల్టుల సప్లై వేరే. పోయింది మానిటర్ సప్లైనే సామీ."

మూత తీశాడు. కెపాసిటర్లో మిగిలిన కరెంటును రెసిస్టర్ పెట్టి మెల్లగా దించాడు. టార్చి వేసి చూసి, తల ఊపాడు. ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి తీగ మెలేసి ఉంది! తీగ కాలలేదు. దాని బదులు పక్కనున్న సిమెంటు రెసిస్టర్ మాడింది, బోర్డు నల్లబడింది.

రెసిస్టర్ మార్చి, సరైన ఫ్యూజు వేసి, కరెంటు దారిలో వంద వాట్ల బల్బును సీరీస్‌లో పెట్టాడు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే లోపల షార్టు లేనట్టు. అలాగే భగ్గున వెలుగుతూ ఉంటే షార్టు ఉన్నట్టు. ట్యూబు చుట్టూ ఉండే డీగాసింగ్ కాయిల్ తీగను ముందే ఊడదీశాడు. లేకపోతే మొదట్లో అది ఎక్కువ కరెంటు లాగి మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది.

బల్బు భగ్గుమంది. మీటరు పెడితే సప్లైలోని పవర్ ట్రాన్సిస్టర్ షార్టు. అది మార్చేస్తే సరిపోతుందనుకున్నాం. "ఇది చచ్చింది. చంపింది ఏదో చూడల్ల" అన్నాడాయన. ఎండలకు లోపలి ద్రవం ఆరిపోయిన చిన్న కెపాసిటర్ దొరికింది. సప్లైని అదుపులో పెట్టే దారిలో ఉంటుందది. దాన్ని మార్చకుండా కొత్త ట్రాన్సిస్టర్ వేసి ఉంటే అదీ కాలిపోయేదే.

అయినా తొందరపడలేదు. పిక్చర్ ట్యూబు వైపు వెళ్లే దారి తెంచి, అక్కడ అరవై వాట్ల బల్బు కట్టి ఓల్టేజీ చూశాడు. బోర్డు మీద ముద్రించిన 110 దగ్గరే నిలబడింది. అప్పుడే తెంచిన దారి కలిపాడు. చిటపటమని చిన్న చప్పుడు.. మెల్లగా బొమ్మ తేలింది. పిల్లలు ఈలలు!

ఇంతసేపూ గడప దగ్గరే నిలబడ్డ అన్న అప్పుడు లోపలికొచ్చాడు. "ఆ తీగ కట్టింది నేనేరా" అన్నాడు మెల్లగా. "పండగ రోజు. షాపు నిండా పిల్లోళ్లు. మాటిమాటికీ ఫ్యూజు పోతాండె. ఆపితే ఆ రోజు రాబడి పాయె.. కట్టేసినా." ఆ డబ్బా ముందు రోజంతా పసిపిల్లలు నిలబడేవారని తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుందట. ఎవరికీ ఏమీ కాలేదు. అది అదృష్టం.

అన్నను తప్పుపట్టే ముందు మన ఇంటి ఫ్యూజు బాక్సు ఒకసారి చూసుకుందాం. టీవీ, స్టెబిలైజర్, మోటారు.. ఎక్కడో ఒకచోట ఆ తీగ ఉండే ఉంటుంది. ఫ్యూజు ఒకసారి పోతే అదే రేటింగుది వేయండి. మళ్లీ పోయిందా, లోపల జబ్బుందని అర్థం. మెకానిక్‌ని పిలవండి. కావలివాడు అరుస్తున్నాడని వాడి నోరు కట్టేస్తే దొంగ ఆగుతాడా?

సాయంత్రం పిల్లలు వంతులేసుకుని ఆడుతుంటే అన్నను కూడా రమ్మన్నారు. ఆయన ఆడలేదు. డబ్బా వెనక్కి వెళ్లి, వంగి చూసి, మెకానిక్‌ను మళ్లీ అడిగాడు.

"అసలు ఫ్యూజే ఏసినావు గదాన్నా?"