గీసే చేతులు గొంతు విప్పాలి

ఆర్కిటెక్టుల సంఘం స్థానిక శాఖ వార్షిక సమావేశమంటే మామూలుగా ఏం జరుగుతుంది? జమాఖర్చులు చదువుతారు. చప్పట్లతో ఆమోదిస్తారు. కొత్త కార్యవర్గానికి దండలేస్తారు. గ్రూప్ ఫోటో, విందు. అది వాళ్ల ఇంటి పండుగ, మనకేం సంబంధం అనుకుంటే పొరపాటు. మనం చదివే కాలేజీకి, పనిచేసే ఆఫీసుకు, అమ్మను చేర్పించే దవాఖానకు నక్షా గీసేది వాళ్లే. అందుకే ఆ సభలో ఏం మాట్లాడారన్నది మాకు ముఖ్యం. ఏం మాట్లాడలేదన్నది ఇంకా ముఖ్యం.

ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్‌కు 1917 నుంచి చరిత్ర ఉంది. దాని శాఖ హైదరాబాద్‌లో కూర్చుంటే ఎజెండా కోసం వెతుక్కోనక్కర్లేదు. 2019లో ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చి అసెంబ్లీ కడతామని సర్కారు ముందుకొచ్చింది. పౌరులు కోర్టు మెట్లెక్కితే ఆ సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. 2020లో పాత సచివాలయం నేలమట్టమైంది. 2023లో తెరిచిన కొత్త సచివాలయానికి చెన్నై సంస్థ డిజైన్ చేసింది. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో మన పిల్లలు పోటీపడేది ఎప్పుడు?

బయటివాళ్లు వద్దని మేము అనడం లేదు. 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి రూపమిచ్చిన జాస్పర్ బయటివాడే. కానీ దానికి ముందు సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్‌లను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. బయటి ప్రతిభను పిలుస్తూనే ఇంటి ప్రతిభను పెంచారు. మన ఉద్యమం నినదించింది ఆ కాలేజీ మెట్ల మీదనే.

1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కాపాడేది 'ఆర్కిటెక్ట్' అన్న పేరునే తప్ప పనిని కాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక వృత్తికి గౌరవం చట్టం ఇవ్వదు. జనం పక్షాన నిలబడితేనే వస్తుంది.

మా డిమాండ్లు మూడే. ప్రభుత్వ భవనాలకు బహిరంగ డిజైన్ పోటీ పెట్టాలని తీర్మానించండి. చారిత్రక కట్టడం మీద గడ్డపార పడకముందే దాని బాగోగుల నివేదిక జనం ముందు పెట్టండి. ఏడాదికొక సభ జిల్లాలో జరపండి. డంగు సున్నం, షాబాద్ బండ పని తెలిసిన మేస్త్రీలను ఆ వేదిక మీద కూర్చోబెట్టండి.

సర్కారు పనులు పోతాయన్న భయం మాకు తెలియనిది కాదు. 2011లో సకల జనుల సమ్మెకు దిగిన ఉద్యోగులకూ జీతం భయం ఉంది. అయినా 42 రోజులు నిలబడ్డారు. మీరు ఒక్క పూట నిలబడండి. కట్టడం కూలినంక రాసే సంతాప తీర్మానం మాకొద్దు.