పన్నెండో రోజు ఎక్కడ?

మా బాబాయి పోయిన మూడోనాటికే దుఃఖాన్ని పక్కకి నెట్టి ఒక సమస్య వచ్చి కూర్చుంది: కర్మ ఎక్కడ చెయ్యడం? ఉన్నది అద్దె వాటా. "పిండాలూ అవీ ఇక్కడ వద్దండీ" అనేశాడు ఇంటాయన.

పదో రోజుకి చిక్కులేదు. రాజమండ్రిలో ఉన్నాం, కోటిలింగాల రేవుంది, గోదావరి ఉంది. తంటా అల్లా పదకొండు, పన్నెండు రోజులకే. పెద్దవాడు ఏసీ హాలన్నాడు. హాలు మేడమీద, పైగా హోమం పొగ పనికిరాదట! చిన్నవాడు సత్రమన్నాడు. నలుగురూ ఏమనుకుంటారని వీడూ, ఖర్చెందుకని వాడూ గంటసేపు వాదించుకున్నారు.

అప్పటిదాకా గోడవైపు తిరిగి పడుకున్న పిన్ని లేచి, "నేనెక్కడ కూర్చోవాలిరా?" అంది.

ఇద్దరూ నోరు మూసుకున్నారు. మోకాళ్ల నొప్పుల మనిషి. మెట్లెక్కలేదు, జనంలో ఏడవలేదు.

సత్రమే కుదిర్చాం. మెట్లు లేవు, పెరట్లో కుళాయి, వంటకి పాక, పిన్ని నడుం వాల్చడానికి తలుపున్న గది. సపిండీకరణం సవ్యంగా జరిగింది. మోసిన నలుగుర్నీ కూర్చోబెట్టి దగ్గరుండి వడ్డించాం.

చివరి పంక్తిలో ఇంటాయన కూడా కూర్చున్నాడు. చెయ్యి కడుక్కుని, పిన్ని గది గుమ్మంలో కాసేపు నిలబడి, "మనింట్లోనే చేసుకోవలసిందమ్మా" అన్నాడు.

పిన్ని తలూపింది.